మొదటి పెద్ద సింగిల్ యాక్షన్ రివాల్వర్: .44 మాగ్నమా, .45 కోల్టా?

ఫ్రిస్కో_గుంటూరు

అందరికీ నమస్తే. గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్ళయింది. 9 ఎంఎం పిస్టల్ ఒకటి ఉంది, నెలకు రెండుసార్లు రేంజ్‌కి వెళ్తాను. పోయిన నెల ఆఫీసు మిత్రుడు టెక్సస్‌లోని లానో దగ్గర వాళ్ళ మామగారి పొలానికి తీసుకెళ్ళి తన రూగర్ కంపెనీ సూపర్ బ్లాక్‌హాక్ చేతికిచ్చాడు. .44 మాగ్నమ్, ఏడున్నర అంగుళాల బ్యారెల్. పక్కనున్న చిన్న తలుపు తెరిచి ఒక్కో తూటా దూర్చడం, ప్రతి కాల్పుకూ బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగడం, ఆ క్లిక్కుమనే చప్పుడు... చిన్నప్పుడు దీపావళికి రీలు తుపాకీ చేతికొచ్చిన నాటి సంబరం మళ్ళీ వచ్చింది. కానీ నాలుగో తూటాకి నాకు తెలియకుండానే కళ్ళు మూసుకున్నాను. ఆరోది పేలేసరికి ట్రిగ్గర్ గార్డు మధ్యవేలి కణుపుకి తగిలి వాచింది. పట్టు సరిగా లేదు, తప్పు నాదే.

అయినా ఇలాంటిది కొనాలని గట్టిగా ఉంది. ఒక్కటే కొనగలను. ఎక్కువగా కాగితం మీద, స్టీల్ టార్గెట్ల మీద కాల్చడానికి. ఎప్పుడైనా అడవిపందుల వేటకి. .44 మంచిదా, .45 మంచిదా? లేక ఇంకా ఆగాలా?

ఆస్టిన్_వరంగల్

.44 మాగ్నమే తీసుకో తమ్ముడూ. నిన్ను ఇబ్బంది పెట్టింది తుపాకీ కాదు, తూటా. అదే తుపాకీలో .44 స్పెషల్ పెట్టి చూడు. 48 ఔన్సుల ఉక్కు, అంటే కిలోంబావు కంటే ఎక్కువే, ఆ తన్నుని చాలావరకు మింగేస్తుంది. స్పెషల్ తూటా మాగ్నమ్ తుపాకీలో పడుతుంది, మాగ్నమ్ తూటా స్పెషల్ తుపాకీలో పట్టదు. లావు ఒకటే, మందు నింపే ఇత్తడి తొడుగు పొడుగులోనే తేడా. ఏడాది స్పెషల్‌తో చెయ్యి కుదిరాక అదే తుపాకీతో మాగ్నమ్‌కి ఎక్కొచ్చు. 1955లో ఈ మాగ్నమ్ రావడానికి కారకుడైన ఎల్మర్ కీత్ కూడా అంతకుముందు ఏళ్ళ తరబడి స్పెషల్ తొడుగుల్లోనే మందు గట్టిగా నింపి కాల్చిన మనిషి.

ఇంకో సంగతి. .45 కోల్ట్ తుపాకులు కొన్నిటిలో సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) ముందువైపు నోళ్ళు గుండు కంటే ఇరుకుగా ఉంటాయి. సీసపు గుండు అక్కడ నలిగి బ్యారెల్‌లోకి వదులుగా వెళ్తుంది. గురి చెదురుతుంది, బ్యారెల్లో సీసం పేరుకుంటుంది. .44లో ఆ బెడద తక్కువ.

హ్యూస్టన్_కర్నూలు

ముందుగా ఈ థ్రెడ్ చదివే కొత్తవాళ్ళకి ఒక మాట. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా తుపాకీ దగ్గర పెట్టుకునే హక్కు లేదు. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినా అది చేతిలో ఉన్నట్టే. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం ముఖ్యమైన మినహాయింపు. ఇక్కడే మనవాళ్ళు పొరబడుతున్నారు. టెక్సస్‌లో 2019 నుంచి ప్రైవేటు పొలంలో యజమాని అనుమతి ఉంటే పందుల వేటకి లైసెన్సు అక్కర్లేదు. కానీ అది రాష్ట్రం మాట. వీసా మీద ఉన్నవాడికి ఆ లైసెన్సే ఆధారం కాబట్టి అక్కర్లేదన్నారని మానేస్తే ఇరుక్కుంటాడు. సందేహం ఉంటే లాయర్‌ని అడిగాకే ముట్టుకోండి.

ఇక ప్రశ్నకి వస్తే, రెండూ వద్దంటాను. .357 మాగ్నమ్ బ్లాక్‌హాక్ కొనుక్కో. అందులో .38 స్పెషల్ కూడా కాల్చొచ్చు, తూటాలు చవక. కళ్ళు మూసుకోవడం ఒకసారి అలవాటైతే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. నాకు పట్టింది.

ఫీనిక్స్_కాకినాడ

హ్యూస్టన్ అన్నయ్యగారు వీసా సంగతి చెప్పి మంచి పని చేశారు. తుపాకీ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. చిన్న తుపాకీతో సాధన చేయడానికి ఆయన దగ్గర 9 ఎంఎం ఉంది. మనసు పడింది పెద్దదాని మీద.

ఆస్టిన్ అన్నయ్యగారి స్పెషల్ సలహా వినడానికి బాగుంది, కానీ ఆ తూటాలు దొరకాలిగా! మా ఊరి షాపుల్లో మాగ్నమ్ ఉంటుంది, స్పెషల్ ఉండదు. ఉన్న రోజున మాగ్నమ్ కంటే ఖరీదు. దాంతో మాగ్నమ్ తూటాలతో ఇంటికొస్తాం, మళ్ళీ కళ్ళు మూసుకుంటాం.

.45 కోల్ట్ 1873లో అమెరికా సైన్యానికి కోల్ట్ రివాల్వర్‌తో పాటు వచ్చిన తూటా. అప్పటి నల్ల తుపాకీమందు కోసం చేసిన పెద్ద తొడుగు. 250 గ్రెయిన్ల (సుమారు 16 గ్రాముల) పైచిలుకు గుండు సెకనుకు 850, 900 అడుగుల వేగంతో తాపీగా వెళ్తుంది. దాని గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 14,000 పౌన్లు. .44 మాగ్నమ్‌ది 36,000. మీరు కళ్ళు మూసుకునేది తన్నుకి మాత్రమే కాదు, ఆ పేలుడుకి, మొహం మీదికి కొట్టే గాలికి కూడా. .45 తన్నదని చెప్పను, తన్నుతుంది. కానీ అది చెంపదెబ్బలా ఉండదు, అరచెయ్యి పట్టి వెనక్కి తోసినట్టుంటుంది. నాది చిన్న చెయ్యి, మణికట్టు కూడా సన్నం. మొదటి రోజే యాభై తూటాలు కాల్చి ఇంకో పెట్టె కొనుక్కొచ్చాను.

పందుల కోసం బలం కావాలన్నా దారి ఉంది. పెద్ద ఫ్రేము బ్లాక్‌హాక్ చాలా గట్టిది. సొంతంగా తూటాలు నింపుకునేవాళ్ళ పుస్తకాల్లో .45 కోల్ట్‌కి రూగర్ల కోసమే వేరే పట్టిక ఉంటుంది. ఆ బలమైన తూటాలు అసలు కోల్ట్‌లో గానీ, దాని నకళ్ళలో గానీ, 2005లో వచ్చిన చిన్న ఫ్రేము రూగర్ న్యూ వకేరోలో గానీ పెట్టకూడదు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

హ్యూస్టన్_కర్నూలు

తూటాల కొరత మాట ఒప్పుకుంటానమ్మా. కానీ కళ్ళు మూసుకోవడానికి విరుగుడు క్యాలిబర్ మార్చడం కాదు. తమ్ముడూ, ఒక పని చెయ్యి. మిత్రుడి చేత సిలిండర్‌లో మూడు అసలు తూటాలు, మూడు డమ్మీలు (పేలని ఉత్తుత్తి తూటాలు) కలిపి పెట్టించుకో. ఏది ఎక్కడుందో నీకు తెలియకూడదు. డమ్మీ మీద హ్యామర్ పడినప్పుడు బ్యారెల్ ముక్కు కిందికి వంగిందంటే నువ్వు తన్నుకి ముందే భయపడుతున్నావు. వంగడం ఆగే వరకు చెయ్యి. ఏ తూటాతో తొందరగా ఆగుతుందో అదే నీ తూటా. అది .45 అయితే నేనూ కాదనను.

ఆస్టిన్_వరంగల్

ఈ పరీక్ష మంచిదే. గ్రిప్ గురించి ఎవరూ చెప్పలేదు, నా దృష్టిలో క్యాలిబర్ కంటే అదే ముఖ్యం. బిజ్లీ (Bisley) అనే రకం గ్రిప్ ఉన్నది తీసుకో. చేతిలో జారకుండా నేరుగా వెనక్కి తోస్తుంది, వేలి కణుపుకి చోటు ఎక్కువ.

ఫీనిక్స్_కాకినాడ

బలమైన తూటాలకి బిజ్లీయే మేలు, ఒప్పుకుంటాను. మామూలు .45కి మాత్రం పాత నాగలి పిడి గ్రిప్పే నాకిష్టం. దాన్ని బిగించి ఆపకూడదు. చిటికెన వేలు పిడి కింద పెట్టి, తుపాకీని అరచేతిలో పైకి దొర్లనివ్వాలి. దొర్లి ఆగేసరికి హ్యామర్ సరిగ్గా బొటనవేలికి అందుతుంది. లాగుతూ కిందికి దించితే మళ్ళీ గురిలో ఉంటారు. ఈ లయ దొరికిందంటే ఎన్ని కాల్చామో లెక్కే ఉండదు. అయినా యాభైకి ఆపండి. చెయ్యి అలిసిందని మనకి తెలిసేలోపే చెడు అలవాటు పట్టుకుంటుంది. చెవుల్లో ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ పెట్టుకోండి. రెండో చేతి వేళ్ళు సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు దగ్గరికి పోనివ్వకండి, అక్కడి నుంచి వేడి గ్యాస్ కత్తిలా వస్తుంది. ఇంటికొచ్చాక పిల్లల్ని ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, సీసం ఉంటుంది.

ఫ్రిస్కో_గుంటూరు

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. ఒక రేంజ్‌లో .44 అద్దెకి దొరికింది, స్పెషల్ తూటాలు మాత్రం ఒకే ఒక్క పెట్టె దొరికింది. అది హాయిగా ఉంది, ఆస్టిన్ అన్న చెప్పింది నిజమే. మాగ్నమ్ పెట్టగానే డమ్మీ మీద ముక్కు కిందికి వంగింది, ప్రతిసారీ. మర్నాడు మిత్రుడి బంధువు .45 బ్లాక్‌హాక్‌తో ఇదే పరీక్ష చేశాం. మొదటి సిలిండర్‌లో రెండుసార్లు వంగింది, మూడో సిలిండర్‌కి ఆగిపోయింది. టెన్షన్ పోయి కాల్చడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

.45 వైపే వెళ్తున్నాను. సెకండ్ హ్యాండ్‌లో ఒకటి చూశాను. ఏం చూసుకోవాలి?

హ్యూస్టన్_కర్నూలు

ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకున్నాక ఫ్రేము పక్కన చూడు. మూడు స్క్రూలు ఉంటే 1973కి ముందుది. దానికి ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కితే తప్ప హ్యామర్ దెబ్బ తూటాకి చేరనివ్వని భాగం) ఉండదు. కంపెనీ చేత మార్పించని తుపాకీ అయితే హ్యామర్ కింద ఖాళీ గది ఉంచి ఐదే నింపాలి, లేకపోతే కింద పడితే పేలొచ్చు. రెండు పిన్నులుంటే కొత్త మోడల్, ఆరూ నింపొచ్చు. తర్వాత హ్యామర్ నెమ్మదిగా లాగుతూ ఆరు గదులూ గట్టిగా లాక్ అవుతున్నాయా చూడు.

ఫ్రిస్కో_గుంటూరు

రెండు పిన్నులే, పెద్ద ఫ్రేమే, ఐదున్నర అంగుళాల బ్యారెల్. నిన్న ఇంటికొచ్చింది. పదిహేను గజాల్లో పేపర్ ప్లేటు పెట్టి మొదటి ఆరు కాల్చాను. నాలుగు ప్లేటులో, రెండు బయట. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఆస్టిన్_వరంగల్

అభినందనలు తమ్ముడూ. సిలిండర్ నోళ్ళు చూశావా?

ఫ్రిస్కో_గుంటూరు

చూశాను అన్నా. .452 సీసపు గుండు ఆరింటిలోనూ వేలితో నొక్కితే దిగుతోంది.

ఆస్టిన్_వరంగల్

అయితే మంచిదే దొరికింది. .44 మీద నా మాట మాత్రం మార్చను. వచ్చే నెల లానో వస్తాను, నాది కూడా తెస్తాను. స్పెషల్ తూటాలు నేనే పట్టుకొస్తా.