డైరీ రాయడానికి ప్రత్యేక యాప్ కావాలా, సాదా ఫైలు చాలదా?

గోదావరిగట్టు:
మా నాన్నగారు ఏటా జనవరిలో టీటీడీ డైరీ తెప్పించుకుని, రాత్రి భోజనం అయ్యాక నాలుగైదు వరుసలు రాసేవారు. పాలవాడికి ఎంత ఇచ్చారు, ఎవరు వచ్చి వెళ్లారు, వాన పడితే ఎంతసేపు పడింది, అంతే. ఆయన పోయాక వాటిని చదువుతుంటే నాకూ రాసుకోవాలనిపించింది. నాకు తీరిక దొరికేది మాత్రం సాయంత్రం అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వెళ్లే మెట్రోలోనే, కాబట్టి ఫోనులో రాయక తప్పదు. డే వన్ లాంటి డైరీ యాప్‌కు చందా కట్టమని స్నేహితురాలు, అబ్సిడియన్ అనే నోట్సు యాప్‌లో సాదా ఫైళ్లుగా రాసుకోమని తమ్ముడు చెబుతున్నారు. నాది ఆండ్రాయిడ్ ఫోను, రాసేది తెలుగులో. ఎవరి మాట వినాలి?

వేపనీడ:
మీ స్నేహితురాలి మాటే వినండి. డైరీ మానేసినవాళ్లలో ఎక్కువమంది యాప్ బాగాలేక మానలేదు, రాయాలన్న సంగతి గుర్తులేక మానేశారు. డే వన్ 2011 నుంచి ఉంది, 2021లో వర్డ్‌ప్రెస్.కామ్ నడిపే ఆటోమాటిక్ (Automattic) అనే సంస్థ దాన్ని కొనుక్కుంది, ఆండ్రాయిడ్‌లోనూ పనిచేస్తుంది. మీరు రైలెక్కే వేళకు అది గుర్తుచేస్తుంది, నిరుడు ఇదే రోజున ఏం రాశారో ముందు పెడుతుంది. పాత రాత కళ్లబడినప్పుడు కొత్తది రాయాలనిపించడం నా అనుభవం. ఆపిల్ వారి జర్నల్ యాప్ 2023 డిసెంబరులో వచ్చింది కానీ అది ఆండ్రాయిడ్‌లో లేదు, కనుక దాని మాట వదిలేయండి. వాక్యాలు రాసే ఓపిక లేని రోజులే ఎక్కువైతే, ఆ రోజు మనసెలా ఉందో ఒక బొమ్మ నొక్కి చెప్పే డేలియో యాప్ చాలు.

నల్లసిరా:
వేపనీడ గారు రాయడం గురించే చెప్పారు, రాసింది నిలవడం గురించి చెప్పలేదు. నేను ఒక డైరీ యాప్‌లో నాలుగేళ్లు రాశాను. ఆ సంస్థ యాప్‌ను ఆపేస్తున్నామని చెప్పి, రాతలను పీడీఎఫ్‌గా దించుకోమంది. దించుకున్నాను. తెరిచి చూస్తే వత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడి ఉన్నాయి. మా అమ్మమ్మ చివరి రోజుల గురించి రాసిన పేజీల కోసం ‘అమ్మమ్మ’ అని వెతికితే ఒక్క ఫలితమూ రాలేదు. పీడీఎఫ్‌లో ఉండేది అక్షరం బొమ్మ. దాని వెనక అసలు అక్షరం ఏదో సరిగా నమోదు కాకపోతే వెతకడం కుదరదు. ఆ పేజీల కోసం ఆ రాత్రంతా ఒక్కొక్కటే తిప్పుతూ కూర్చున్నాను.

తెలుగువాళ్లకు ఇది కొత్త కష్టమేమీ కాదు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పాత ఫైళ్లను ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయని డీటీపీ పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం ఒకానొక కూర్పులో వస్తే చాలు, ఐఫోన్లలో సందేశాల యాప్‌లు మూతపడిపోయాయి, ఆపిల్ ఐఓఎస్ 11.2.6 నవీకరణతో సరిచేసింది. కాబట్టి చందా కట్టకముందే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘క్ష’, ‘జ్ఞ’ వచ్చేలా పది వరుసలు రాసి, వాటిని బయటికి దించి, వేరే కంప్యూటర్లో తెరిచి, ఒక మాట వెతికి చూడండి. బయటికొచ్చే దారి సరిగా లేని యాప్‌లోకి అడుగే పెట్టకండి.

అబ్సిడియన్‌లో రాసింది మార్క్‌డౌన్ అనే సాదా అక్షరాల ఫైలుగా మీ ఫోనులోనే ఉంటుంది. ఆ యాప్ రేపు కనుమరుగైనా ఆ ఫైలును ఏ నోట్‌ప్యాడైనా తెరుస్తుంది. రోజువారీ నోటు అనే సదుపాయాన్ని పెట్టుకుంటే ఆ తేదీ పేరుతో ఫైలు దానంతటదే తయారవుతుంది.

వేపనీడ:
మీకు జరిగింది చదివి బాధ కలిగింది. దించి చూడాలన్న సలహాను పూర్తిగా ఒప్పుకుంటాను. డే వన్ నుంచి రాతలు దించుకుంటే వచ్చే జేసన్ (JSON) అనే డేటా ఫైలును కూడా అలాగే పరీక్షించవలసిందే. అయితే ఆ నాన్నగారి డైరీ ఎందుకు సాగిందో చూడండి. వేళ ఒకటే, పేజీ మీద తేదీ ముందే అచ్చయి ఉంది, చోటు కొంచెమే కాబట్టి నాలుగు వరుసలతో పని అయిపోయేది. ఆ మూడూ అమరే చోటు ఏదైతే అదే ఎంచుకోవాలి.

మరో సంగతి. ఆయన డైరీ బీరువాలో ఉంది కాబట్టే కూతురు చదవగలిగింది. డే వన్‌లో రాతలు మన తాళంతో తప్ప తెరుచుకోకుండా దాచుకోవచ్చు. ఆ తాళం పోతే సంస్థ కూడా తెరవలేదు. సాదా ఫైలుకు ఆ రక్షణ లేదు, తెరిచి ఉన్న ఫోను చేతికి చిక్కితే ఎవరైనా చదివేస్తారు. మన తర్వాత ఇంట్లోవాళ్లు చదవాలా, చదవకూడదా అన్నది తేల్చుకోకుండా యాప్ ఎంచుకోవడం సరికాదని నా గట్టి నమ్మకం.

నల్లసిరా:
ఆ మాట నిజమే, నేను ఆలోచించలేదు. అయినా చదవదగ్గ రూపంలో మిగిలితేనే కదా, ఎవరు చదవాలన్న ప్రశ్న వచ్చేది.

గోదావరిగట్టు:
మీరు చెప్పినట్టే రెండింటిలోనూ వారం పాటు రాశాను. రెండింటిలోనూ వత్తులు చెదరలేదు. మాట్లాడి రాయించుకుందామనుకున్నాను కానీ, రైల్లో పదిమంది మధ్య మనసులో మాట పైకి చెప్పలేకపోయాను. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులోకి మారే కీబోర్డే నాకు అలవాటైంది. ఎల్బీనగర్ వచ్చేలోపు నాలుగు వరుసలు పూర్తవుతున్నాయి. అబ్సిడియన్‌లో రాస్తూ, ఆరున్నరకు ఫోనులో అలారం పెట్టుకున్నాను. నిన్నటి పేజీలో పాలప్యాకెట్ల ఖర్చు, పిన్ని రావడం, దిల్‌సుఖ్‌నగర్ దగ్గర పది నిమిషాలు పడిన వాన ఉన్నాయి. తాళం సంగతి మాత్రం తేలలేదు. మా అమ్మాయికి పదమూడేళ్లు. తను చదవాలనీ ఉంది, ఇప్పుడే చదవకూడదనీ ఉంది. ఈ రెండూ కుదిరే దారి మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.