గ్రావిటీ ఐదో డైమెన్షన్‌లోకి జారిపోతే విస్తరణ వేగం ఎందుకు పెరగాలి?

తోకచుక్క:
విశ్వం విస్తరించే వేగం పెరుగుతోందని 1998లో సూపర్‌నోవాల (పేలిపోయే నక్షత్రాల) ద్వారా తెలిసింది. దానికి డార్క్ ఎనర్జీ అని పేరు పెట్టి ఊరుకోవడం నాకు తృప్తిగా లేదు. 2000లో ద్వాలీ, గబాదాజ్జే, పొర్రాటీ ఇచ్చిన నమూనా నచ్చింది. మనమంతా ఒక పొర మీద ఉన్నాం, గ్రావిటీ మాత్రం బాగా దూరం పోతే ఐదో డైమెన్షన్‌లోకి జారిపోతుంది. కానీ గ్రావిటీ తగ్గితే బ్రేకు వదిలినట్టే కదా? బ్రేకు వదిలినంత మాత్రాన బండి వేగం పెరగదు. మరి యాక్సిలరేటర్ ఎక్కడుంది?

నీహారిక:
మీ అనుమానం సరైనదేనండీ. "జారిపోతుంది కాబట్టి వేగం పెరుగుతుంది" అని చాలామంది ఒక్క ముక్కలో రాసేస్తారు. నాకు అది చదివినప్పుడల్లా బాధగా ఉంటుంది, అసలు అందమంతా అందులో పోతుంది.

ఆ నమూనాకు రెండు పరిష్కారాలున్నాయి. ఒకదానిలో గ్రావిటీ జారుతుంది, వేగం మాత్రం దానంతటది పెరగదు. రెండోది దెఫాయే అనే భౌతిక శాస్త్రవేత్త చూపించినది. విశ్వ విస్తరణను లెక్కగట్టే మామూలు ఫ్రీడ్‌మాన్ సమీకరణంలో హబుల్ రేటు (విస్తరణ రేటు) వర్గం పదార్థ సాంద్రతను బట్టి ఉంటుంది. పదార్థం పలచబడేకొద్దీ రేటూ సున్నా వైపు పోతుంది. ఇక్కడ ఆ వర్గం నుంచి ఇంకో పదం తీసివేయాలి: హబుల్ రేటును జారుడు దూరంతో (ఎంత దూరం దాటితే గ్రావిటీ ఐదో డైమెన్షన్‌లోకి జారుతుందో ఆ దూరంతో) భాగిస్తే వచ్చేది. దాంతో పదార్థమంతా పలచబడినా రేటు సున్నా కాదు, ఒక విలువ దగ్గర నిలిచిపోతుంది. రేటు అలా నిలిస్తే దూరాలు ప్రతి నిర్ణీత కాలానికీ రెట్టింపవుతూ పోతాయి. అదే మీరడిగిన యాక్సిలరేటర్. వేరే ఎనర్జీ ఏదీ కలపలేదు, గ్రావిటీయే ఆ పని చేస్తోంది. లెక్క కుదరాలంటే జారుడు దూరం వెయ్యి కోట్ల కాంతి సంవత్సరాలకు పైనే ఉండాలి.

ధ్రువం:
ఆ రెండో పరిష్కారంలో ఘోస్ట్ ఉంది, అంటే గతిశక్తి రుణాత్మకంగా ఉండే కంపనం. శూన్యమే స్థిరంగా నిలవదు. పైగా సూపర్‌నోవాలు, కాస్మిక్ మైక్రోవేవ్ నేపథ్యం (విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన వెలుగు), గెలాక్సీల లెక్కలు కలిపి చూస్తే ఐన్‌స్టీన్ స్థిరాంకమే (ఖాళీ ప్రదేశానికే ఉండే మారని శక్తి) బాగా సరిపోతోంది.

తోకచుక్క:
2017 ఆగస్టు 17న న్యూట్రాన్ నక్షత్రాల ఢీ నుంచి వచ్చిన గ్రావిటీ తరంగాలు కూడా దీన్ని కొట్టేశాయా?

నీహారిక:
పూర్తిగా కాదు. తరంగం వేరే డైమెన్షన్‌లోకి జారితే మరింత బలహీనంగా అందేది, ఆ ఢీ అసలుకన్నా దూరంలో జరిగినట్టు కనిపించేది. అలా కాలేదు, తరంగాలు చెప్పిన దూరం ఆ గెలాక్సీ దూరంతో సరిపోయింది. కానీ అది దాదాపు 13 కోట్ల కాంతి సంవత్సరాలే. జారుడు దూరం ముందు అది చాలా చిన్నది. ఈ నమూనాను నిజంగా దెబ్బతీసింది ధ్రువం గారు చెప్పిన ఘోస్టే. మొదటి పరిష్కారంలో అది లేదు, కానీ అక్కడ స్థిరాంకం మళ్లీ కలుపుకోవాల్సిందే.