స్తుతమా, స్తుతియా? పోస్టరు ఆగిపోయింది

కొత్తచిగురు: మా ఊరి గ్రంథాలయానికి పోస్టరు చేస్తున్నా. పాత నాటకాల పోస్టర్లలా లావు అక్షరాలు, అంచులు అరిగి, సిరా అక్కడక్కడా అంటనట్టు. రామభద్ర ఖతి (ఫాంటు) తీసుకుని ఒక్కో అక్షరాన్నీ గీకి ఆ రూపు తెచ్చా. కృష్ణదేవరాయలు ధూర్జటిని మెచ్చుకున్నాడని చెప్పే చాటువు (నోటి మీద నిలిచిన విడి పద్యం) ఉంది కదా, “...యాంధ్రకవి ధూర్జటి పల్కుల కేల గల్గెనో” అని, అది పెట్టాలి. మొదటి మాట దగ్గరే చిక్కు. స్తుతమతియా, స్తుతిమతియా? అమ్మమ్మ నోట “స్తుతి” అనే విన్న గుర్తు.

గణయతి: స్తుతమతి. మెప్పు పొందిన బుద్ధి కలవాడు. ఇందులో చర్చేముంది?

గంటం: ఉంది మాస్టారూ. త, తి రెండూ లఘువులే, ప్రాసకు త హల్లు చాలు. చంపకమాల ఏదీ తేల్చదు. “రాజుల్ మత్తులు” అన్న ధూర్జటికి శివస్తుతి మీదే మతి. కాబట్టి స్తుతిమతి.

గణయతి: మెచ్చుకుంటున్నది రాయలవారండీ! తన సభలో కవిని “నన్ను కాదు, శివుణ్ణే పొగుడుతాడు” అని మెచ్చుకుంటాడా?

గంటం: మెచ్చుకుంటే తప్పేం?

వానకోయిల: శ్రుతమతి కాకూడదా? చదువుకున్న బుద్ధి.

గణయతి: మొదటి అక్షరంతో యతి కుదరాల్సిన 11వ అక్షరం ధూ. శ్రు పెడితే యతి గోవిందా.

పాతప్రెస్సు: మీరంతా కావ్యాల్లో వెతుకుతున్నారు, నేను అచ్చుపెట్టెలో వెతుకుతా. మా నాన్నగారి ప్రెస్సులో పెద్ద సైజు అచ్చులు చెక్కవే. అంత సైజు సీసంలో పోస్తే మోయలేం. ఒక్కో అక్షరం రెండో మూడో ఉండేవి. “మతి”కి తి వాడేశాక ఇంకో తి లేకపోతే అచ్చులు పేర్చే కంపోజిటరు ఏం చేస్తాడు? త పెట్టి ఊరుకుంటాడు. పైగా అరిగిన దిమ్మె మీద సిరా పూడుకుంటే తలకట్టేదో గుడేదో దేవుడికే తెలియాలి. మీ పాఠభేదం అక్కడ పుట్టింది.

గంటం: చాటువులు నోటి మీద బతికాయండీ, చెక్క మీద కాదు.

పాతప్రెస్సు: నోటికి మాత్రం అరుగుదల లేదా?

వానకోయిల: అసలు సంగతి వదిలేశారు. ధూర్జటి పేరుతోనే ఖతి ఉండగా ఆయన పద్యాన్ని రామభద్రుడి చేతిలో పెట్టారేం?

కొత్తచిగురు: లావుగా ఉందనండీ.

వానకోయిల: ఆ ఖతి పేరున్న కవి అయ్యలరాజు రామభద్రుణ్ణి పిల్లల రామభద్రుడనే అంటారు కదా, నిండుగానే ఉంటాడు. అయినా నన్నడిగితే ఆ చాటువు బదులు కాళహస్తీశ్వర శతకంలో ఏ పాదం తీసుకున్నా గోడ వెలుగుతుంది. ఆ తెగువ పెద్దనకు లేదు.

గణయతి: పెద్దన జోలికి రావద్దు. చాటుపద్యమణిమంజరి పుస్తకం అటక మీదుంది, రేపు దించి చూసి చెబుతా.

కొత్తచిగురు: మాస్టారూ, అటక ఎక్కారా? నాలుగు రోజులైంది. నేనైతే ఆ రెండో అక్షరం తల ఇంకాస్త అరగదీశాను. త అనుకుంటే త, తి అనుకుంటే తి.

గంటం: బాగుంది. పద్యం చివర “గ్రోలుటన్ జుమీ” పెట్టారా, “గ్రోలుటం జుమీ” పెట్టారా?