అయిదేళ్ల పిల్లకి నౌన్, వెర్బ్ ఎందుకు? మాంటిస్సోరి గ్రామర్ మీద మీ మాట చెప్పండి

మియాపూర్ అమ్మ:
మా పాపకి అయిదు నిండాయి. మాంటిస్సోరి బడిలో వేశాం. ఈమధ్య ఇంటికి రాగానే ఏదో వాక్యం రాసుకుని మాటల మీద నల్ల త్రికోణాలు, ఎర్ర గుండ్రాలు గీస్తోంది. నల్లది నౌన్ అట, ఎర్రది వెర్బ్ అట. మా అత్తగారేమో "అక్షరాలే కుదురుగా రావడం లేదు, అప్పుడే వ్యాకరణమా" అంటున్నారు. ఇప్పుడు ఇంట్లో చేయించడానికి ఒక కిట్ కొనమని బడివాళ్లు అడుగుతున్నారు, ధర చూస్తే గుండె ఆగింది. ఈ వయసులో ఇది నిజంగా అవసరమా?

తెనాలి మాస్టారు:
అమ్మా, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎనిమిదో తరగతి పిల్లలు "డు ము వు లు ప్రథమా విభక్తి" అని గడగడా అప్పజెప్పేవారు. వాక్యంలో ఎక్కడుందో చూపించరా అంటే బిక్కమొహం వేసేవారు. పేర్లు నేర్పడం ఎప్పుడూ తేలికే. అయిదేళ్ల పిల్లకి కావాల్సింది కథలు, పాటలు, పొడుపు కథలు, నాయనమ్మతో కబుర్లు. "నేను వచ్చాడు" అని ఏ పిల్లా అనదు. ఎవరూ చెప్పకుండానే "వచ్చాను" అంటుంది. వ్యాకరణం నోట్లోనే ఉంది, దానికి రంగు బిళ్లలు అంటించడం బడివాళ్ల హంగు. కిట్ కొనకండి.

వైజాగ్ టీచర్:
మాస్టారూ, మీరు చెప్పిన ఆ బట్టీకి విరుగుడే ఇది. మేము ముందు పేర్లు చెప్పం. చాప మీద బొమ్మల పశువులు పరుస్తాం. ఆవులు, గుర్రాలు, కోళ్లు, చిన్న కంచె. నేను నోరు మెదపకుండా చీటీ మీద "ఆవు" అని రాసిస్తాను. పిల్ల చదువుకుని చేతికందిన ఆవుని తెస్తుంది. ఇది కాదని తల ఊపి, "నల్ల" అని ఇంకో చీటీ రాసి ముందు పెడతాను. అప్పుడు పరుగెత్తి సరైనది పట్టుకొస్తుంది. ఆ ఒక్క మాట చేసే పనేమిటో తనకే తెలిసిపోయింది. తర్వాత చీటీలు తారుమారు చేసి "ఆవు నల్ల" అని చదివిస్తే పడీపడీ నవ్వుతారు. అప్పుడే "ఆవు" మీద పెద్ద నల్ల త్రికోణం, "నల్ల" మీద అంతకంటే చిన్న నీలం త్రికోణం పెడతాం. విశేషణం అనే మాట ఎప్పటికో వస్తుంది.

క్రియలకైతే "దూకు", "కూర్చో", "తలుపు తియ్యి" అని చీటీలు. చదివి, బయటికి చెప్పకుండా చేసి చూపించాలి. క్లాసంతా గెంతులే. దాన్ని వ్యాకరణం అంటే పిల్లలే నమ్మరు.

మియాపూర్ అమ్మగారూ, మీ అత్తగారి అనుమానం న్యాయమే. గరుకు కాగితం అక్షరాలు వేలితో దిద్ది, విడి అక్షరాలు పేర్చి మాటలు కట్టి, వాటిని చదవడం వచ్చాకే ఇక్కడికి రావాలి. చదవడం రాని పిల్ల చేత త్రికోణాలు గీయిస్తుంటే మాత్రం బడివాళ్లని నిలదీయండి.

కూకట్‌పల్లి నాన్న:
సరదాగా ఉంటుంది సరే, లాభం ఏమిటి? అమెరికాలో ఇంగ్లీషు టీచర్ల సంఘం 1963లోనే పరిశోధనలన్నీ వడపోసి ఒక నివేదిక వేసింది. విడిగా వ్యాకరణం బోధించడం వల్ల పిల్లల రాత బాగుపడేది దాదాపు ఏమీ లేదని, రాసుకునే సమయం తినేస్తే నష్టం కూడా కావచ్చని తేల్చింది. అరవై ఏళ్లు దాటినా మనం కొత్త రంగులు పూసి అదే అమ్ముతున్నాం.

వైజాగ్ టీచర్:
అది పుస్తకంలో సూత్రాలు చెప్పి వాక్యాలు విడగొట్టించే వ్యాకరణం గురించి. బొమ్మ ఆవు గురించి కాదు. మీరు అమెరికా ఎత్తారు కాబట్టి ఇంకోటి. మిల్వాకీలో ప్రభుత్వ మాంటిస్సోరి బడికి లాటరీలో సీటు వచ్చిన పిల్లల్ని, రాని పిల్లల్ని పోల్చి 2006లో ఒక అధ్యయనం వచ్చింది. పన్నెండేళ్ల వాళ్లలో మాంటిస్సోరి పిల్లలు రాసిన కథల్లో వాక్య నిర్మాణం మెరుగ్గా ఉందని తేలింది.

కూకట్‌పల్లి నాన్న:
అది గ్రామర్ బిళ్లల వల్లే అని అందులో ఉందా?

వైజాగ్ టీచర్:
లేదు. బడి మొత్తాన్ని కలిపి చూశారు, ఏది ఎంత పనిచేసిందో విడదీయలేదు. కానీ మీ నివేదిక కూడా అయిదేళ్ల పిల్లల్ని చూసి రాసింది కాదు కదండీ.

తెనాలి మాస్టారు:
టీచరమ్మా, ఆవు ఆట బాగుంది, కాదనను. ఇంటర్నెట్‌లో ఆ బిళ్లల పట్టిక చూశాను. లేత నీలం చిన్న త్రికోణం ఆర్టికల్‌కట, అంటే ఇంగ్లీషులో "ఎ", "ద" లాంటివి. తెలుగులో అది లేనే లేదు, ఆ బిళ్ల ఏం చేసుకుంటారు? ఆకుపచ్చ నెలవంక ప్రిపోజిషన్‌కట. మనకు "మీద", "కింద" మాట తర్వాత వస్తాయి, "ఇంట్లో" అంటే లోపలే కలిసిపోయింది. "ఇది ఆవు" అన్న వాక్యంలో ఎర్ర బిళ్ల ఎక్కడ పెడతారు? "నవ్వు" అని చీటీ ఇస్తే నల్లదా, ఎర్రదా? ఇటలీ ఆవిడ మాంటిస్సోరి ఇటాలియన్‌కి కుట్టుకున్న చొక్కా ఇది, మన పిల్లలకి తొడిగితే చేతులు పొడుగు.

వైజాగ్ టీచర్:
"ఇది ఆవు"లో ఎర్ర బిళ్ల ఏదని మా పిల్లలే అడుగుతారు మాస్టారూ, అక్కడే అసలు మజా. "నవ్వు" కూడా అంతే. "నీ నవ్వు బాగుంది", "గట్టిగా నవ్వు" రెండూ రాయించి, ఏ బిళ్ల ఎక్కడో వాళ్లనే తేల్చుకోమంటాను. గొడవ పడతారు. ఇంకో మాట, ఇటాలియన్ మనకి మరీ దూరమేం కాదు. అక్కడా క్రియ చివర చూస్తే కర్త ఎవరో తెలిసిపోతుంది, "నేను" అనకుండా మన "వచ్చాను" లాగే సరిపెడతారు. ఆర్టికల్ బిళ్ల మేము తెలుగు పీరియడ్‌లో బయటికే తియ్యం. నెలవంక మాట తర్వాతే పెడతాం.

డాలస్ పిన్ని:
మాస్టారూ, "వ్యాకరణం నోట్లోనే ఉంది" అన్నారు. తెనాలిలో ఉంటుందండీ, ఇక్కడ లేదు. మా వారాంతపు తెలుగు క్లాసులో పిల్లలు "పిల్లి పట్టింది ఎలుక" అంటారు. ఇంగ్లీషు వరసలో పెట్టేసి "ని" మింగేస్తారు. వాళ్లకి కథలు వినిపించాం, పాటలు నేర్పాం, అర్థమవుతుంది గానీ నోటికి రాదు. కుదిరింది ఇది: నాలుగు అట్టముక్కలు. పిల్లి, ఎలుక, ని, పట్టింది. "ని" ఒక్కటి ఎర్ర అట్ట. "పిల్లి ఎలుక-ని పట్టింది" అని పేర్చి, ఆ ఎర్ర ముక్కని మాత్రం తీసి పిల్లి పక్కన పెడతాను. "పిల్లి-ని ఎలుక పట్టింది." ఒక్క క్షణం ఆలోచించి, గొల్లుమంటారు. మాటల వరస మార్చినా అర్థం మారదు, "ని" కదిలితే కథే తిరగబడుతుంది. ద్వితీయా విభక్తి అన్న పేరు నేను ఎత్తనే లేదు. ఇప్పుడు "ని" మరిచిపోతే ఒకళ్లనొకళ్లు "ఎర్ర ముక్క, ఎర్ర ముక్క" అని అరుచుకుంటారు.

తెనాలి మాస్టారు:
పిన్నిగారూ, ఇది మాత్రం భేషుగ్గా ఉంది. ఆ ఎనిమిదో తరగతి పిల్లలకి కూడా ఇలాగే చెప్పించాల్సింది. దీనికి కిట్ ఎందుకు? నాలుగు అట్టముక్కలు చాలన్నది మీరే తేల్చారు.

మియాపూర్ అమ్మ:
మా పాప గీసేవన్నీ ఇంగ్లీషు వాక్యాలే. లేత నీలం బిళ్ల "ద" మీద పెడుతోంది. తెలుగులో అసలు చేయించడం లేదు.

వైజాగ్ టీచర్:
చాలా చోట్ల అంతేనండీ. మాంటిస్సోరి గారు 1939లో మద్రాసు అడయార్‌కి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు, ఇక్కడే టీచర్లకి శిక్షణ ఇచ్చారు. అయినా ఇప్పుడు షాపులో దొరికేవన్నీ ఇంగ్లీషు కార్డులే. తెలుగువి మేమే రాత్రిళ్లు కూర్చుని కత్తిరించుకుంటాం. "లో", "కి", "తో"లకి ఇంకా మాలో మాకే ఒప్పందం కుదరలేదు, ఒకరు నెలవంక అంటారు, ఒకరు పిన్నిగారిలా వేరే రంగు అంటారు.

తెనాలి మాస్టారు:
వేరే రంగే పెట్టండి. "మీద" విడిగా నిలబడే మాట, "ని" అతుక్కునేది. రెంటికీ ఒకే బిళ్ల పెడితే పిల్లలకి తికమక. మియాపూర్ అమ్మా, కిట్ డబ్బులు దాచుకుని పాత క్యాలెండర్ అట్టలు తియ్యండి. చీటీలు మీ అత్తగారి చేత రాయించండి, ఆవిడ అక్షరాలు బాగుంటాయని నా నమ్మకం.

కూకట్‌పల్లి నాన్న:
లాభం సంగతి ఇంకా ఎవరూ తేల్చలేదు. కానీ ఆ పిల్లి-ఎలుక ముక్కలు మావాడికి ఈ ఆదివారం చేస్తాను.