డెక్స్‌టర్ ఆవుకి జెర్సీ సూది వేయించవచ్చా?

మా డెక్స్‌టర్ (పొట్టి రకం విదేశీ జాతి) ఆవు వీపు నా నడుము దాటదు. ఒక ఈత ఈనింది. నిన్న ఎదకొచ్చి తీగలు వేసింది, కానీ నేను తేల్చుకోలేక వదిలేశాను. మళ్లీ 21 రోజుల్లో వస్తుంది.

పాలు, వెన్న పెరగాలని జెర్సీ సూది (జెర్సీ ఆంబోతు వీర్యంతో కృత్రిమ గర్భధారణ) వేయిద్దామనుకుంటున్నా. హోల్‌స్టీన్ అయితే దూడ పెద్దదై ఈనేటప్పుడు ఇరుక్కుంటుందని భయం. జెర్సీ దూడతో మీ పొట్టి ఆవులు సులువుగా ఈనాయా?

ఇంకో టెన్షన్. దీని కాళ్లు బాగా పొట్టి, మరుగుజ్జు జన్యువు ఉందేమో. జెర్సీలో అది లేదు కాబట్టి ఈ ఈతకి ప్రమాదం లేదు. కానీ పుట్టే పెయ్యకి అది వస్తే, దాన్ని అదే జన్యువున్న డెక్స్‌టర్‌కి దాటిస్తే నాలుగింట ఒక దూడ చచ్చిపుట్టే అవకాశముంది. ముందే తోక వెంట్రుకలతో డీఎన్‌ఏ పరీక్ష చేయించాలా, లేక పెయ్య పుట్టాక చాలా? ఇలా కలిపి పెంచినవాళ్లు దయచేసి చెప్పండి. సంకర పెయ్యలకి పాలు ఎంత పెరిగాయి, ఒళ్లు నిలిచిందా?