సమస్యాపూరణం: ‘ఆఱు రెట్లు పెరిగి యంతె మిగిలె’

నిర్వాహకులు (బెంగళూరు): ఈ వారపు సమస్య నాకెంతో ముచ్చటగా తోచింది. అప్పులు, వడ్డీల జోలికి పోకుండా, ఒక పెద్ద పూర్ణసంఖ్య గుణంతోనే పూరించవలసిందిగా కోరుతున్నాను.

మల్లేశ్వరం సభ్యులు:

అశ్వ బాణ నాగ యమవేద చంద్రుల
వామగతినిఁ బేర్చి వ్రాసినంత
సంఖ్య తిరిగి తిరిగి చక్రమై తా వచ్చి
యాఱు రెట్లు పెరిగి యంతె మిగిలె

(అంకెలకు సంకేతపదాలు: అశ్వ 7, బాణ 5, నాగ 8, యమ 2, వేద 4, చంద్ర 1. వామగతి అంటే ఒకట్ల స్థానం నుండి ఎడమకు పేర్చడం.) సంఖ్య 1,42,857, ఆరు రెట్లు 8,57,142.

జయనగరం సభ్యురాలు: ఆర్యా, పూరణ హృద్యంగా ఉంది. గత నెలలో ఇదే సంఖ్యను మీరు ‘చంద్ర వేద’ అంటూ మొదలుపెట్టినప్పుడు అది 7,58,241 అయిందనీ, దానిని రెండింతలు చేస్తే 15,16,482 వచ్చి అంకెలే మారిపోయాయనీ నేను చెప్పిన మాటను ఈసారి మన్నించినందుకు సంతోషిస్తున్నాను. అయితే 8,57,142 వేరు, 1,42,857 వేరు. ‘అంతె’ అనడం ఎలా కుదురుతుంది? నిజంగా మారనిది అంకెల మొత్తమే.

కలుప నిరువదేడు గాదె యంకెల మొత్త
మెన్ని త్రిప్పులైన మేర చెడదు
లెక్కవేసి చూడ లేశ మెక్కుడు గాక
యాఱు రెట్లు పెరిగి యంతె మిగిలె

బసవనగుడి సభ్యులు: రెండవ పాదంలో ‘త్రి’కి ముందున్న ‘ని’ గురువవుతుందేమో పరిశీలించండి.

మల్లేశ్వరం సభ్యులు: అమ్మా, ధార మెచ్చదగినదే గాని, మీ పద్యంలో సంఖ్య పేరే లేదు. 999 అంకెల మొత్తమూ 27, దాని ఆరు రెట్లయిన 5,994 అంకెల మొత్తమూ 27. కనుక మీ పద్యం 999కి కూడా అంతే చక్కగా చెల్లుతుంది. నా పద్యంలోని ‘చక్రమై’ అన్న మాటను మీరు దాటిపోయారు. ఆ ఆరంకెలను వలయంగా వ్రాసి చూడండి: రెండు మొదలు ఆరు వరకు దేనితో హెచ్చవేసినా వలయంలో ఒక్క అంకె కూడా కదలదు, చదవడం మొదలుపెట్టే చోటు మాత్రమే మారుతుంది, ఆరుతో హెచ్చవేసినప్పుడు అది ఒకటికి సరిగ్గా ఎదురుగా ఉన్న ఎనిమిది దగ్గర మొదలవుతుంది. ఇక గత నెల పద్యంలో దిక్కు చెప్పలేదు కనుక, ఎడమ నుండి చదవడం దోషం కాదు.

నిర్వాహకులు: దిక్కు చెప్పనప్పుడు వామగతియే శరణ్యం. చదరంగపు గడుల్లో ఒకటితో మొదలుపెట్టి గడిగడికీ రెట్టింపు చేస్తూ పోసిన గింజల మొత్తమైన 1,84,46,74,40,73,70,95,51,615ను గణితకవి పావులూరి మల్లన ‘శర శశి’ అని ఒకట్ల స్థానపు అయిదుతో ఎత్తుకొన్నాడే తప్ప, మొదటి అంకెతో కాదు. గత నెల విషయంలో జయనగరం వారి మాటే నిలుస్తుంది. ‘ని’ లఘువే, తెలుగు మాటలోని రేఫను తేల్చి పలుకవచ్చు, ‘బేర్చి వ్రాసి’కి కూడా అదే న్యాయం. ఈ వారపు మెప్పు ‘చక్రమై’కి చెందుతుంది. ఏడు రెట్లు చేస్తే 9,99,999 అయి ఆ వలయమే చెదిరిపోతుంది కనుక, సమస్యలోని ‘ఆఱు’ను అంచు దాకా వాడుకొన్న పూరణ అదొక్కటే. జయనగరం వారు ఇరువదేడును ఉంచి, 999 చొరబడకుండా సంఖ్య పేరును మొదటి పాదంలో ఇమిడ్చి మరల పంపవలసిందిగా కోరుతున్నాను.