ఫ్రిట్ (దంచిన గాజు పలుకులు) అద్దిన పూసల మీద గుంటలు, నల్ల గీతలు, బీటలు: తెలిసినవాళ్లు చెప్పండి

పూసలపిచ్చి_కూకట్‌పల్లి
అందరికీ నమస్తే. 104 గాజుని టార్చ్ మంటలో కరిగించి పూసలు చుడుతున్నాను (104 అంటే దాని సీఓఈ, వేడికి గాజు ఎంత వ్యాకోచిస్తుందో చెప్పే అంకె). నున్నటి పూస బాగానే వస్తోంది, ఫ్రిట్‌లో దొర్లించి కరిగించాకే తంటా. ఒకటి, పైన సూదిమొనంత గుంటలు పడుతున్నాయి. రెండు, ఐవరీ (దంతం రంగు) పూస మీద టర్కాయిస్ (నీలి పచ్చ) ఫ్రిట్ అద్దితే ప్రతి పలుకు చుట్టూ నల్లటి గీత వస్తోంది. మూడు, కొన్ని పూసలు కిల్న్ (చిన్న కరెంటు కొలిమి)లోంచి బాగానే బయటికొచ్చి, మర్నాటికి బీటలు వేస్తున్నాయి. ఫ్రిట్ ఇంట్లోనే దంచుకుంటున్నాను, అందులో విరిగిన గాజులు కూడా కలిపాను. శ్రావణమాసం ఆర్డర్లు చేతిలో ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది.

బోరోబాబు_బాలానగర్
బోరోసిలికేట్ గాజుకి మారిపోండి మేడమ్. దాని సీఓఈ 33, వేడి ఎక్కినా దిగినా 104 లాగా చిట్లిపోదు. ల్యాబ్ ఫ్లాస్కులు, కండెన్సర్లు ఊదుతూనే తల నెరిసినవాణ్ణి, ఊరికే చెప్పను.

అత్తాపూర్_అక్క
బోరోకి ఆక్సిజన్ ఉండాలి, వేరే టార్చ్ ఉండాలి. ఆర్డర్లు చేతిలో పెట్టుకున్న పిల్లకి ఇదా సలహా?

గుంటల గురించి నేను చెప్తాను, నన్ను బాగా ఏడిపించింది అదే. పలుకుల మధ్య గాలి చిక్కుకుంటుంది. తొందరపడి గట్టి మంట పెడితే పైగాజు ముందే మూసుకుపోతుంది. లోపలి గాలి బుడగగా పైకొచ్చి పగిలినచోట గుంట పడుతుంది. పూసని మంట చివర్లో, దూరంగా తిప్పుతూ ఉండమ్మా. పలుకులు మొదట గరుకుగా నిలబడి ఉంటాయి, కాసేపటికి అంచులు గుండ్రబడతాయి, ఆ తర్వాతే నెమ్మదిగా పూసలోకి దిగుతాయి. గాజు ఉడికి నురగ వచ్చిందా, ఇక ఆ పూస మీద ఆశ వదులుకోవాల్సిందే.

నుసి కూడా కారణమే. దంచినదాన్ని టీ జల్లెడలో పట్టి, నుసి వదిలించి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి ఆరబెట్టు. ఇనుప రోట్లో దంచితే అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఫ్రిట్ మీద తిప్పు. కాగితానికి అంటుకునే ఇనుప రజనే పూస మీద నల్ల చుక్కలవుతుంది.

లాడ్‌బజార్_వాసి
విరిగిన గాజులు అన్నారు, ఎక్కడివి? మా చార్మినార్ దగ్గరివైతే అవి లక్కవి. 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది కూడా వాటికే. లక్కని మంటలో పెడితే పొగ తప్ప ఇంకేమీ మిగలదు.

పూసలపిచ్చి_కూకట్‌పల్లి
లక్కవి కాదండీ, మామూలు మట్టి గాజులు.

గాజులగంప
మట్టి గాజులైతే భయం లేదు. ఫిరోజాబాద్ సరుకు సోడా లైమ్ గాజు, 104 కూడా సోడా లైమే. రెండూ ఒకటే, హాయిగా కలుస్తాయి. నేను వాడుతున్నాను, ఒక్కటీ పగల్లేదు.

అత్తాపూర్_అక్క
అయ్యా, కిటికీ అద్దం కూడా సోడా లైమే. 104 మీద అతికించి చూడండి, ఏమవుతుందో! సోడా లైమ్ అయితే సరిపోదు, రెండు గాజులూ చల్లారేటప్పుడు ఒకే కొలతలో కుంచించుకోవాలి. ఆ అమ్మాయి పూసలు మర్నాటికి బీటలేయడానికి కారణం అదే.

గాజులగంప
మీరు ప్రతి చర్చలోనూ అందరికీ పాఠాలు చెప్తారు. గాజుల వ్యాపారం మా ఇంట్లో తాతల నాటిది. ఏ గాజు ఏమిటో నాకు తెలియదా?

బోరోబాబు_బాలానగర్
అమ్మడం వేరు, కరిగించడం వేరు సార్. గొడవెందుకు, పరీక్ష ఉంది. రెండు గాజుల్నీ పక్కపక్కన అతికించి, కరిగించి, సన్నటి దారంగా లాగండి. చల్లారాక దారం నిటారుగా ఉంటే రెండూ కలుస్తాయి. ఒక పక్కకి వంగితే, వంపు లోపలి వైపున్న గాజు ఎక్కువ కుంచించుకుందని అర్థం. కలర్ మారినప్పుడల్లా చేయండి, ఆకుపచ్చ గాజుకి కుదిరింది కదా అని ఎర్రదానికి కుదరాలని లేదు. బంగారు పూత ఉన్న గాజులైతే అసలు వద్దు, ఆ పూత కాలి మరకలు పడతాయి.

గాజులగంప
సరే, రేపు లాగి ఫొటో పెడతాను. అప్పుడు మాట్లాడుకుందాం.

శ్రీకాళహస్తి_నుంచి
మా పక్కన పాపానాయుడుపేటలో పూసల పని ఎప్పటినుంచో ఉంది. కొలిమి దగ్గర గాజుని గొట్టంగా లాగి ముక్కలు కోసేవాళ్లు. ఫ్రిట్లూ సీఓఈలూ లేకుండానే ఎంత నున్నగా ఉండేవో! ఆ పనివాళ్లని ఎవరూ అడగరు, ఎవరూ రాయరు.

సైనిక్‌పురి_టార్చ్
వాళ్లది మొత్తం ఒకటే గాజు కదన్నా, కలవకపోవడమన్న సమస్యే రాదు. మనకి మాత్రం సీఓఈ 96 ఉన్న ఫ్రిట్ కూడా 104 మీద కొద్దిగానే వాడాలి. పూసలో ఐదు శాతం దాటనివ్వను నేను.

ఆనీలింగ్ (పూసల్ని కిల్న్‌లో మెల్లగా చల్లార్చడం) సంగతి ఎవరూ అడగలేదు. 104కి 510–520 డిగ్రీల దగ్గర ఉంచి మెల్లగా దించాలి. మా వైపు మధ్యలో కరెంటు పోయిందంటే ఆ బ్యాచ్‌ని మళ్లీ మొదటినుంచి వేడి చేయాల్సిందే. ఇంతకీ మేడమ్, మీరు ఏ సిలిండర్ వాడుతున్నారు? ఆర్డర్లు తీసుకుంటున్నారంటే వంటింటి 14.2 కేజీలది చట్టప్రకారం వాడకూడదు, 19 కేజీల కమర్షియల్ తీసుకోవాలి.

గాజులగంప
ఇంట్లో నాలుగు పూసలు చేసుకునే ఆడపిల్లకి చట్టాలెందుకు?

సైనిక్‌పురి_టార్చ్
స్టవ్ రెగ్యులేటర్‌తో టార్చ్‌కి ప్రెషర్ సరిపోదనే కదా జనం ఏవేవో తగిలించేది! పైపు జారితే మీరొస్తారా? దంచేటప్పుడు మాస్క్ సంగతి కూడా ఒక్కరూ చెప్పలేదు. ఆ నుసి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. కాల్చిన కడ్డీని నీళ్లలో ముంచితే తనంతట తనే పలుకులవుతుంది, ఆ తడి మీదే దంచండి.

పూసలపిచ్చి_కూకట్‌పల్లి
కమర్షియలే అండీ, బాల్కనీలో పెట్టాను. దారం లాగి చూశాను, స్పష్టంగా వంగింది. మట్టి గాజులు కలిపిన డబ్బా పక్కన పెట్టేశాను. నల్ల గీత సంగతి మాత్రం ఒక్కరూ చెప్పలేదు. దయచేసి ఎవరైనా చెప్పండి, ఈ ఆర్డర్ మొత్తం ఐవరీయే.

అత్తాపూర్_అక్క
అది మురికి కాదమ్మా, ఎంత కడిగినా పోదు. ఐవరీలో గంధకం, టర్కాయిస్‌లో రాగి. రెండూ తాకినచోట నల్లబడుతుంది. మధ్యలో క్లియర్ గాజు పల్చగా చుట్టి, దాని మీద ఫ్రిట్ అద్దు. గీత కాకుండా టర్కాయిస్ మొత్తం ఎర్రగా, బూడిదగా మసకబారితే మాత్రం మంటలో ఆక్సిజన్ చాలలేదని. టార్చ్ మూతికి మరీ దగ్గర పెడుతున్నావేమో చూసుకో.

సైనిక్‌పురి_టార్చ్
ఆ గీత కోసమే నా దగ్గర ఐవరీ పూసలు అడిగి కొనేవాళ్లు ఉన్నారు. క్లియర్ చుట్టేముందు ఒక్కటి మీ కస్టమర్‌కి చూపించండి.

గాజులగంప
దారం ఫొటో పెట్టాను. ఆకుపచ్చది నిటారుగానే ఉంది. చూసి మాట్లాడండి.

బోరోబాబు_బాలానగర్
చూశాను సార్. ఎర్రది కూడా లాగండి.